రన్‌వే వెనక కొండ

ఖాట్మండులోని త్రిభువన్ విమానాశ్రయం సముద్రమట్టానికి 4,390 అడుగుల ఎత్తున, కొండల నడుమ ఉంది. ఉత్తరాన శివపురి, 2,732 మీటర్లు. ఆగ్నేయాన ఫుల్‌చౌకీ, 2,782. పడమట చంద్రాగిరి, 2,551. దక్షిణం నుంచి వచ్చే విమానం మహాభారత పర్వతశ్రేణిని దాటుకుని ఈ లోయలోకి దిగాలి. మన పెద్ద విమానాశ్రయాల్లో ఉన్నట్టు మూడు డిగ్రీల వాలులో రన్‌వే మొదటిదాకా చెయ్యిపట్టుకుని దింపే ఐఎల్ఎస్ గ్లైడ్ స్లోప్ ఇక్కడ లేదు. ఆ వాలు గీత గీస్తే అది దక్షిణపు కొండలోంచి పోతుంది.

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా మొదట బేగంపేటలోనూ తర్వాత వేరే ఊళ్ళలోనూ పనిచేశాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఈ విమానాశ్రయం గురించి చదవడమే గానీ అక్కడ దిగింది లేదు. రిటైరయ్యాక, మా ఆవిడకీ వాళ్ళక్కయ్యకీ పశుపతినాథుడి మొక్కు ఒకటి బాకీ ఉందని తెలిసింది. నాకు మొక్కులేమీ లేవు. ఆ లోయలోకి విమానం ఎలా దిగుతుందో కిటికీలోంచి చూడాలన్న కోరిక మాత్రం చాలా పాతది. టిక్కెట్లు నేనే తీశాను.

ఢిల్లీలో సీట్ల దగ్గరే తగువు మొదలైంది. తూర్పుగా వెళ్ళే విమానంలో మంచుకొండలు ఎడమవైపు కనబడతాయి కనుక వదిన, మా ఆవిడ ఎడమ కిటికీలే కావాలన్నారు. నాకు కుడివైపు కావాలి. చివరికి ఎడమవైపే కూర్చున్నాం. తీరా చూస్తే మంచుకొండలు కనబడలేదు. అది చైత్రం. వానలు పడకముందు నేపాల్ అడవుల్లో కార్చిచ్చులు రేగే కాలం. ఆ పొగ కదలక మెదలక లోయలో పడి ఉంటుంది. కిటికీలోంచి చూస్తే దిగంతమంతా బూడిదరంగు చార.

తరాయి మైదానం మీదికి వచ్చాక విమానం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. సిమ్రా పరిసరాల్లో ఉన్నామనుకున్నాను. కింద గోధుమ కోసేసిన మళ్ళు, ఎండిన ఏటి ఇసుక, మళ్ళీ అవే మళ్ళు.

"ఏమండీ, సూర్యుడు కాసేపు ఇటూ కాసేపు అటూ వస్తున్నాడేంటి?" అంది మా ఆవిడ.

"హోల్డింగ్‌లో పెట్టారు. ముందు వాళ్ళు దిగాలి. లోయలో ఒకదాని వెనక ఒకటి దూరం చూసి పంపాలి."

"పక్కపక్కన పంపొచ్చు కదా."

పక్కపక్కన పంపడానికి చోటెక్కడ అని చెప్పబోయి ఊరుకున్నాను. మరి కాసేపట్లో తనే చూస్తుంది.

ముక్కు కిందికి వంగింది. రెక్కల వెనక ఫ్లాప్‌లు సాగుతున్న చప్పుడు, ఆ తర్వాత చక్రాలు దిగిన దడ. మామూలుగా ఈ రెండూ రన్‌వేకి బాగా దగ్గరయ్యాక వింటాం. ఇక్కడ చాలా ముందే విన్నాను. వాలు ఎక్కువ ఉన్నచోట వేగం పెరగకుండా దిగాలంటే గాలికి అడ్డంపెట్టే సరంజామా అంతా ముందుగానే బయటికి తీయాలి. మొదటి కొండ వరస మా కిందుగా పోయింది. మెట్లు మెట్లుగా చేలు, ఒక ఎర్ర దారి, రేకుల కప్పులు. ఇంత దగ్గరా అనిపించింది. లెక్క ప్రకారం అది దగ్గర కాదని నాకు తెలుసు. కళ్ళకి తెలియదు.

తర్వాత పొగ చిక్కబడింది. కింద నేల కనబడుతోంది, ముందుకు ఏటవాలుగా చూస్తే మాత్రం ఏమీ లేదు. ప్రయాణికులు ఇక్కడే పొరబడతారు. కిటికీలోంచి సూటిగా కిందికి చూసి, ఇళ్ళు కనిపిస్తున్నాయి కదా, ఇంకేం, దిగిపోతున్నాం అనుకుంటారు. పైలట్‌కి కావలసింది కింద ఉన్న ఇల్లు కాదు, ఎదర ఉన్న రన్‌వే. నిలువుగా పొగ పలచన. ఏటవాలుగా చూస్తే అదే పొగ మైళ్ళకొద్దీ మందం.

ఇటుక బట్టీలు, మేడలు కనిపించాయి. వదిన చెప్పులు వెతుక్కుంటోంది.

అంతలో ఇంజన్లు ఒక్కసారిగా అరిచాయి. వీపు సీటుకి అంటుకుపోయింది. ముక్కు లేచింది. రెండు మూడు క్షణాల తర్వాత చక్రాలు లోపలికి ముడుచుకున్నాయి. ఒక రెక్క వంగి, ఆకాశం తప్ప ఏమీ లేని వైపుకి మా కిటికీ తిరిగింది.

విమానంలో ఒక్క గొంతు లేదు. తర్వాత అన్నీ ఒకేసారి లేచాయి. వెనక వరసలో ఒకాయన చక్రాలు తెరుచుకోలేదని తేల్చేశాడు. ఆయన పక్కావిడ, రన్‌వే మీద ఏదో అడ్డం వచ్చిందంది. వదిన "నారాయణ, నారాయణ" అంటూ నా మోచెయ్యి పట్టుకుంది. పశుపతినాథుడి దగ్గరికి పోతూ నారాయణుడిని పిలవడమేంటని తర్వాత మా ఆవిడ ఆటపట్టించింది గానీ, ఆ నిమిషంలో ఎవరికీ నవ్వు రాలేదు.

నాకు మటుకు, మాకు జరిగినది అంతా క్రమంలోనే వినబడింది. ముందు ఇంజన్ల శక్తి, తర్వాత ఫ్లాప్ ఒక మెట్టు పైకి, ఆల్టీమీటర్ ముల్లు పైకి పోతోందని రూఢి అయ్యాక చక్రాలు. ఆ వరసలో చప్పుళ్ళు వస్తే ముందున్న ఇద్దరూ కంగారు పడటం లేదన్నమాట. "అక్కయ్యకి చెప్పవే, ఇది ప్రమాదం కాదు. రన్‌వే కనబడలేదు, పైకి వెళ్ళిపోతున్నారు. ఆ దారి కూడా రాసే ఉంటుంది" అన్నాను.

"రాసి ఉండటమేంటండీ, ఆకాశంలో?"

దానికి జవాబు హోల్డింగ్‌లోకి తిరిగి వచ్చేదాకా, అక్కడినుంచి లక్నో దాకా సాగింది. ఇంత శ్రద్ధగా వినేవాళ్ళు నాకు ఉద్యోగంలో కూడా దొరకలేదు. భయం అలా వినిపిస్తుంది.

ప్రతి అప్రోచ్ చార్టులోనూ రెండు దారులుంటాయి. ఒకటి దిగేది. రెండోది దిగలేకపోతే ఎక్కేది, దాన్నే మిస్డ్ అప్రోచ్ అంటారు. ఎక్కడ మొదలవ్వాలి, ఏ వైపుకి తిరగాలి, ఏ ఎత్తుకి చేరాలి, అక్కడ ఎక్కడ చక్కర్లు కొట్టాలి, అన్నీ ముందే నిర్ణయించి ఉంటాయి. పైలట్లు కిందికి దిగడం మొదలుపెట్టకముందే దాన్ని పైకి చదువుకుంటారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పాన్స్-ఆప్స్ అనే పేరుతో ప్రచురించిన గ్రంథంలో దీని కొలతలన్నీ ఉన్నాయి. అలహాబాద్ దగ్గర బమ్రౌలీలోని శిక్షణ కేంద్రంలో మేం తలపట్టుకు చదివింది దాన్నే.

కొలతలు చెబితే మొదటిసారి విన్నవాళ్ళు గతుక్కుమంటారు. దూరం నుంచి వస్తున్న తొలి దశలో విమానానికీ కింద ఉన్న అతి ఎత్తయిన అడ్డంకికీ మధ్య కనీసం 300 మీటర్ల ఖాళీ ఉంచాలి. తర్వాతి దశలో 150. చివరి దశలో, ఐఎల్ఎస్ లేని చోట, 75. మిస్డ్ అప్రోచ్‌లో పైకి లేచి ఎక్కుతున్నప్పుడు ఆ ఖాళీ 30 మీటర్లు. కొండ ప్రాంతాల్లో వీటిని కొంత పెంచుతారు. అయినా 30 మీటర్లంటే పదంతస్తుల మేడ. "అంతేనా!" అంది మా ఆవిడ. అంతే. కాకపోతే అది, అనుమతించిన అతి నెమ్మదైన ఎక్కుడుతో, అంటే నూరు మీటర్లు ముందుకు పోతే రెండున్నర మీటర్లు పైకి వెళ్ళే లెక్కతో, విమానం ఎక్కితే మిగిలే ఖాళీ. రెండు ఇంజన్లూ పనిచేస్తున్న జెట్ దానికి ఎన్నో రెట్లు ఎక్కుతుంది. మా వీపులు సీట్లకి అంటుకున్నది అందుకే.

ఇక అసలు సంగతి. మేఘం ఉన్న రోజున ఎంత కిందిదాకా రావచ్చో రన్‌వే నిర్ణయిస్తుందని చాలామంది అనుకుంటారు. దీపాలు బాగుంటే, పరికరాలు మంచివైతే ఇంకా కిందికి రావచ్చని. నేల చదునుగా ఉన్నచోట అది నిజమే. ఐఎల్ఎస్ ఉంటే మామూలు స్థాయిలోనే 200 అడుగుల దాకా వచ్చి, అప్పుడు కనబడకపోతే పైకి పోవచ్చు. కానీ కొండలున్న చోట ఆ కనిష్ఠాన్ని నిర్ణయించేది రన్‌వేకి ముందున్నది కాదు, వెనకున్నది. చార్టు గీసేవాడు మొదట ఎక్కే దారి పట్టుకుంటాడు. ఫలానా చుక్క దగ్గర, ఫలానా ఎత్తులో పైలట్ వద్దనుకున్నాడు. విమానం వెంటనే లేవదు, కాస్త దిగజారి అప్పుడు లేస్తుంది. అక్కడినుంచి రెండున్నర శాతం ఎక్కుతూ పోతే ఎదరి కొండ తగులుతుందా? తగిలితే కనిష్ఠాన్ని పైకి జరుపుతాడు. లేదా ఆ చుక్కని వెనక్కి జరుపుతాడు. లేదా దారిని వంచుతాడు. ఇవేవీ చాలకపోతే, మూడో నాలుగో అయిదో శాతం ఎక్కగలిగిన విమానానికే ఈ తక్కువ ఎత్తు, మిగిలినవాళ్ళకి పై ఎత్తు, అని రాసేస్తాడు. కింది దాకా రావడానికి అర్హత, పైకి పోగలగడమే.

ఖాట్మండునే తీసుకుందాం. రన్‌వే ఉత్తరపు కొసకి ఎదురుగా పది పన్నెండు కిలోమీటర్లలో శివపురి శిఖరం, విమానాశ్రయం కంటే దాదాపు 1,400 మీటర్లు పైన. రెండున్నర శాతం లెక్కన ఆ దూరంలో విమానం ఎక్కేది 300 మీటర్లు మించదు. అంటే తిన్నగా పోవడమన్న మాటే లేదు, లోయలోపలే తిరగాలి. తిరగడానికి మళ్ళీ లెక్క. మలుపు వ్యాసార్థం వేగానికి వర్గంలో పెరుగుతుంది. 4,390 అడుగుల ఎత్తున గాలి పలచన కాబట్టి, అద్దం మీద చూపే వేగం కంటే నిజం వేగం ఎక్కువ. మిస్డ్ అప్రోచ్ మలుపులో రెక్క 15 డిగ్రీలే వంచుతాడని చార్టు గీసేవాడు అనుకోవాలి, అంతకంటే ఎక్కువ వంచే పైలట్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఏ320 లాంటి విమానాల తరగతికి ఆఖరి దశలో గరిష్ఠంగా 240 నాట్ల వేగం లెక్కలోకి తీసుకుంటారు. పైలట్ 260 తో తిరిగితే, గీసిన గీత దాటి బయట ఉంటాడు.

ఇంకో నియమం నాకెప్పుడూ ఆశ్చర్యమే. వద్దనుకున్న పైలట్ ముందుగానే వద్దనుకోవచ్చు, ఆ క్షణమే ఎక్కడం మొదలుపెట్టవచ్చు. తిరగడం మాత్రం ఆ చుక్క దాటాకే. ఎందుకంటే కొండలకీ అతనికీ మధ్య కొలిచిన ఖాళీ అంతా ఆ చుక్క నుంచే మొదలవుతుంది.

"ఒక ఇంజన్ ఆగిపోతే?" అని అడిగింది వదిన. ఇలాంటి ప్రశ్న బమ్రౌలీలో అడిగితే మా మాస్టారు లేచి నిలబడేవారు.

రెండింజన్ల విమానం, ఒకటి ఆగినా దిగే దశలోంచి కనీసం 2.1 శాతం ఎక్కగలిగి తీరాలన్నది తయారీ నాటి నియమం. చార్టు 2.5 అడుగుతుంది. ఈ రెండింటి మధ్య తేడా ఎవరిది? విమాన సంస్థది. చార్టు ఇంజన్లన్నీ పనిచేస్తున్నాయన్న నమ్మకం మీద గీసింది. ఒకటి ఆగితే ఏ దారిన తప్పించుకోవాలో సంస్థే వేరుగా గీసుకోవాలి, లేకపోతే బరువు తగ్గించుకోవాలి. వేసవి మధ్యాహ్నం కొండ ఊళ్ళకి వెళ్ళే విమానాల్లో కొన్ని సీట్లు ఖాళీగా ఉంచడం, సామాను దించేయడం చూసి విసుక్కుంటాం. సగం సందర్భాల్లో దాని వెనకున్నది ఈ లెక్కే.

కెప్టెన్ హిందీలోనూ ఇంగ్లీషులోనూ చెప్పాడు: దృశ్యత సరిపోలేదు, లక్నో వెళ్ళి ఇంధనం నింపుకుని వేచి చూద్దాం. గొంతు మామూలుగా ఉంది. లక్నోలో మమ్మల్ని దిగనివ్వలేదు. తలుపు తెరిచి పెట్టిన విమానంలో చెమటలు కక్కుతూ కూర్చున్నాం. అక్కడ మొదలైంది ప్రజాభిప్రాయం. ఇంతదాకా పోయి దిగకుండా వచ్చేయడమేమిటి, మేడలు కూడా కనబడ్డాయి, మొన్న మా వాళ్ళు వెళ్ళిన విమానం ఇంత పొగలోనూ దిగింది, వీడికి చేతకాదు. చివరి మాట అన్నతను పాపం పెళ్ళికి వెళ్తున్నాడు. ముహూర్తం సాయంత్రం.

ఆ ఒత్తిడి విమానం ముందు గదిలోకీ వెళుతుంది. ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అధ్యయనంలో తేలిన మాట: వేగమో ఎత్తో కుదరక అస్థిరంగా సాగిన అప్రోచ్‌లలో వంద చూస్తే, నియమం ప్రకారం వదిలేసి పైకి వెళ్ళినవి మూడు మాత్రమే. మిగతావాళ్ళు ఎలాగో దింపేశారు, అందులో అత్యధికం క్షేమంగానే. క్షేమంగా దిగిన ప్రతిసారీ, మళ్ళీ అలాగే చేయవచ్చన్న ధైర్యం వస్తుంది. కంట్రోలర్‌గా నా అనుభవంలో ఒక పైలట్ "గోయింగ్ అరౌండ్" అనగానే నేను ఎందుకని అడిగేవాణ్ణి కాదు. ఆ నిమిషంలో వాళ్ళకి చేతినిండా పని ఉంటుంది. ఎత్తు, దిక్కు చెప్పి ఊరుకోవాలి. కారణం కిందికి వచ్చాక రాసుకోవచ్చు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. లోయలో పొగ కాస్త కదిలింది. మళ్ళీ అదే తరాయి, అదే కొండ వరస, అవే ఇటుక బట్టీలు. ఈసారి ఎదర రన్‌వే కనబడి ఉంటుంది, దిగిపోయాం. చప్పట్లు కొట్టారు. చేతకాదన్నతను అందరికంటే గట్టిగా కొట్టాడు.

పశుపతినాథుడి గుడి విమానాశ్రయానికి ఆనుకున్నట్టే ఉంటుంది. దర్శనం గురించి మా ఆవిడ రాస్తే బాగుంటుంది. నాకు గుర్తున్నది గర్భగుడిలో కర్ణాటక నుంచి వచ్చిన భట్టుల మంత్రస్వరం, దాని మీదుగా విమానాల రొద.

వాళ్ళిద్దరూ రుద్రాక్షల కొట్లలో ఉన్న రోజున నేను టాక్సీ మాట్లాడుకుని లేలే వెళ్ళాను. లలిత్‌పూర్ జిల్లాలో, లోయకి దక్షిణపు అంచున ఉన్న ఊరు. దిగే విమానాలు దాదాపు ఈ ఊరి మీదుగానే పోతాయి. అక్కడ ఒక స్మారక వనం ఉంది. 1992 సెప్టెంబరు 28న పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఏ300, కరాచీ నుంచి వస్తూ, దగ్గరలోని భట్టేడాండా కొండకి తగిలింది. 167 మంది ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు.

అప్పట్లో అప్రోచ్ ఇలా ఉండేది. దక్షిణాన 41 నాటికల్ మైళ్ళ దూరంలో రోమియో అనే చుక్క, అక్కడ 15,000 అడుగులు. అక్కడినుంచి ఏడు మెట్లుగా దిగాలి. పది మైళ్ళ దగ్గర సియెర్రా అనే చుక్క, అక్కడ 9,500. ఆ విమానం ఒక్కో మెట్టునీ దాని వంతు రాకముందే దిగుతూ వచ్చింది. సియెర్రా దాటిన కాసేపటికే 8,250 అడుగుల కొండని దాదాపు 7,300 అడుగుల దగ్గర ఢీకొంది. తర్వాత ఒకసారి కాగితం మీద లెక్కవేశాను. అంత దూరంలో, మామూలు మూడు డిగ్రీల వాలులో వచ్చే విమానం ఉండే ఎత్తు కూడా రమారమి 7,300 అడుగులే. హైదరాబాదులోనో కరాచీలోనో అయితే అది పూర్తిగా సరైన చోటు. ఇక్కడ కొండ లోపల.

విమానం చెడిపోలేదు. ఇంజన్లు బాగున్నాయి. అప్పటి భూసామీప్య హెచ్చరిక యంత్రం సూటిగా కిందికే చూసేది, ఎదర గోడలా లేచిన కొండని అది సమయానికి పట్టలేకపోయింది. డాన్ బేట్‌మన్ అనే ఇంజనీరు జీవితమంతా పెట్టి తీర్చిదిద్దిన ఆ యంత్రం, ప్రపంచంలోని కొండల ఎత్తులన్నీ లోపల దాచుకుని ముందుకు చూడటం నేర్చింది ఆ తర్వాతే. దర్యాప్తు నివేదికలో నన్ను కదిలించిన విషయం వేరొకటి. ఖాట్మండు కంట్రోలర్లలో కొందరు, కొండల ఎత్తుల వంటి విషయాల్లో పైలట్‌ని ప్రశ్నించడానికి జంకేవారని అందులో ఉంది. టవర్‌లో మైకు పట్టుకున్నవాడికి అది బాగా తెలుసు. అవతలివాడు పెద్ద విమానం కెప్టెన్, ఇవతల నువ్వు. రాడార్ లేదు. అతను చెప్పిన అంకెలే నీకు ఆధారం.

దానికి రెండు నెలల ముందే, జూలై 31న, థాయ్ ఎయిర్‌వేస్ ఏ310 ఇదే లోయకి వచ్చింది. ఫ్లాప్‌లు మొరాయించాయి. అవి సర్దుకునేసరికి విమానం తిన్నగా దిగడానికి మరీ ఎత్తులో ఉంది. వదిలేసి దక్షిణానికి, రోమియోకి తిరిగిపోయి మళ్ళీ మొదలుపెడదామనుకున్నారు. ఆ నిర్ణయంలో తప్పేమీ లేదు. కానీ టవర్‌తో మాటలు అడ్డదిడ్డంగా నడిచాయి, ఒకరి మాట ఒకరికి అందలేదు, ఆ సందట్లో విమానం పూర్తిగా ఒక చుట్టు తిరిగి ఉత్తరానికి పోయింది. కింద ఉన్నవాళ్ళు అది దక్షిణాన ఉందనే నమ్మారు. 11,500 అడుగుల దగ్గర కొండకి తగిలి 113 మంది పోయారు. వద్దనుకోవడం ఒక్కటే చాలదని నాకు బోధపడింది ఈ ప్రమాదంతోనే. వద్దనుకున్నాక ఎటు పోవాలన్నది, మేఘంలో ఉండగా మాటల్లో తేల్చుకునే విషయం కాదు.

తర్వాత జపాన్ సాయంతో రాడార్ వచ్చింది. ఉపగ్రహాల ఆధారంగా వంపులు తిరిగే ఆర్ఎన్‌పీ అప్రోచ్ కూడా వచ్చింది. అలాస్కా ఎయిర్‌లైన్స్ 1996లో జూనోలో, కొండల మధ్య ఇరుకు జలసంధి మీదుగా దిగడానికి మొదలుపెట్టిన పద్ధతి ఇది. గీసిన గీతకి అటూ ఇటూ మైలులో కొద్ది భాగం మాత్రమే వెడల్పు, కాబట్టి దారిని లోయతోపాటు వంచవచ్చు. అయినా అంకెలు సరిగా ఉండాలి. 2015 మార్చి 4న టర్కిష్ ఎయిర్‌లైన్స్ ఏ330 ఒకసారి కనబడక పైకి పోయి, రెండోసారి పొగమంచులోనే దిగి, రన్‌వే అంచు దాటి గడ్డిలోకి జారింది. దాని కంప్యూటర్‌లో రన్‌వే మొదలు ఎక్కడన్న నిర్దేశాంకాలు తప్పుగా ఉన్నాయి. అందరూ బతికారు. ఆ ఒక్క రన్‌వే మీద విమానం అడ్డంగా పడి ఉండటంతో నేపాల్‌కి అంతర్జాతీయ రాకపోకలు నాలుగు రోజులు ఆగిపోయాయి.

చంద్రాగిరికి ముగ్గురం కలిసే వెళ్ళాం. కేబుల్ కార్ ఉంది, పైన భాలేశ్వర మహాదేవుడి గుడి ఉంది, వదినకి ఇంకేం కావాలి. నాకు మాత్రం ఇన్నేళ్ళూ చార్టు మీద ఒక నల్ల చుక్కగా, పక్కన అంకెతో చూసిన వస్తువు మీద నిలబడి టీ తాగడం సరదాగా ఉంది. తూర్పున దూరంగా ఒక విమానం లోయలోకి దిగుతోంది. మేం దాన్ని పైనుంచి కిందికి చూస్తున్నాం.

"ఏమండీ, ఈ కేబుల్ స్తంభాలు, గుడి గోపురం కట్టారు కదా. అవి కూడా మీ లెక్కలోకి వస్తాయా?"

రావా మరి. బేగంపేటలో ఉండగా భవనాల ఎత్తు అనుమతుల కోసం వచ్చే బిల్డర్లతో నాకు ఎన్నో మధ్యాహ్నాలు గడిచాయి. అనుమతించిన ఎత్తంటే స్లాబు ఎత్తు కాదు. నీళ్ళ ట్యాంకు, మెట్ల గది, యాంటెనా, పిడుగు కడ్డీ, అన్నీ కలిపి. "ఒక్క వాటర్ ట్యాంకే కద సార్" అనేవారు. ఆ ట్యాంకు గీతని పొడిస్తే అప్రోచ్ కనిష్ఠం కొన్ని అడుగులు పైకి జరుగుతుంది. వాన పడే ఒక రాత్రి ఆ కొన్ని అడుగుల్లోనే రన్‌వే దీపాలు కనబడేవి, ఇప్పుడు కనబడవు, విమానం చెన్నై పోతుంది. బిల్డర్‌కి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు, ప్రయాణికులకీ తెలియదు. అందుకే ప్రతి ప్రొసీజర్‌నీ అయిదేళ్ళకి మించకుండా మళ్ళీ పరిశీలించాలన్న నియమం ఉంది. చెట్లు పెరుగుతాయి, టవర్లు లేస్తాయి. కొండలు తప్ప ఏవీ ఉన్నచోట ఉన్నట్టు ఉండవు.

వదిన అప్పటికే తిరుగు ప్రయాణం సంగతి ఎత్తింది. వీర్‌గంజ్ దాకా కారు, రక్సౌల్ నుంచి రైలు, హాయిగా వెళ్ళిపోదామంది. ఆ కొండ రోడ్డు మీద రాత్రిపూట లారీలు ఎలా వస్తాయో మా టాక్సీ డ్రైవర్ని అడగమన్నాను. అడిగింది. అతను చెప్పినదాంతో విమానమే నయమనుకుంది గానీ, ఇంకా ఒక సందేహం మిగిలింది.

"మరిదిగారూ, ఎక్కేటప్పుడు కూడా లెక్కుంటుందా, దిగేటప్పుడేనా?"

"ఉంటుంది వదినా. ఇంకా గట్టిది. ఎక్కేటప్పుడు 3.3 శాతం. అందులో రెండున్నర కింద ఉన్న అడ్డంకుల గీత, పైన మిగిలిన 0.8 శాతం ఖాళీ. దూరం పోయినకొద్దీ ఆ ఖాళీ..."

"ఉందన్నారు కదా, చాలు" అంది వదిన. "మిగతాది ఢిల్లీలో దిగాక చెబుదురుగాని."